బామ్‌లో బలం లేదు

ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది బాగా చదువుకున్న పెద్దమనిషి, పైగా నాకు ఇష్టమైన మనిషి. కింద "ఇది నిజమేనా?" అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. రెండు దండాల బొమ్మలు తగిలించి వదిలేశారు. మొదట్లో ఇది వస్తే నవ్వొచ్చేది. తర్వాత విసుగొచ్చింది. గ్రూపులన్నీ మ్యూట్ చేసుకుని కూర్చున్నాను. కానీ చేతులు మారినకొద్దీ దీనికి ఒక తోక మొలిచింది. ఆ తోక చూశాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

మెసేజ్ చెప్పేది ఇదీ. బామ్ అనేది ఇంగ్లీషు మాట కాదట, మన "బలం" అట. తెల్లవాళ్ళు ఎత్తుకెళ్ళి, మనం గుర్తుపట్టకుండా పలకడంలో "ల"ని మింగేశారట. ఆయింట్‌మెంట్ అంటే "ఆయుర్మంత్రం". సాల్వ్, అంటే పూతమందుకి ఇంగ్లీషులో ఉన్న ఇంకో పేరు, మన "సర్వ" అట, అంటే సర్వరోగాలకీ మందు. మలాము మాత్రం అచ్చ తెలుగు, మలినాన్ని తీసేస్తుంది కాబట్టి మలాము. ఇదంతా ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఒప్పుకుంది కూడానట. ఇక తోక: పేరులోనే మాన్పే బలం ఉంది కాబట్టి కాలినా, తెగినా, పసిపిల్లలకి ముక్కు పట్టేసినా ఆలోచించకుండా బామ్ దట్టంగా పట్టించండి, డాక్టర్లు ఈ రహస్యం మీకు చెప్పరు, పదిమందికి పంపండి.

ముందు చిల్లర లెక్కలు తేల్చేస్తాను. విదేశీ విశ్వవిద్యాలయం అట. ఏది? ఎవరు? ఎప్పుడు? పేరూ లేదు, ఊరూ లేదు. తాడూ బొంగరం లేని సాక్ష్యానికి జవాబు దండగ. డాక్టర్లు దాచిపెట్టారు అనేది ఇంకో విడ్డూరం. ఏ మందుల షాపుకి వెళ్ళినా కళ్ళెదురుగా కనబడేలా పేర్చి అమ్మే డబ్బీలో దాచడానికేముంది?

ఇక బామ్ సంగతి.

ఈ మాట ఇంగ్లీషులోకి పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచికి లాటిన్ "బాల్సముమ్" నుంచి, లాటిన్‌కి గ్రీకు "బాల్సమోన్" నుంచి. మరి గ్రీకులకి? తూర్పు నుంచే. కాకపోతే మెసేజ్ రాసినాయన ఆశపడ్డంత తూర్పు కాదు. హీబ్రూలో "బోసెమ్", అరబ్బీలో "బషామ్" అని మాటలున్నాయి. గ్రీకు మాటకి పుట్టిల్లు ఆ వైపే. అవి సెమిటిక్ కుటుంబం భాషలు, సంస్కృతం ఆ కుటుంబంలోది కాదు. బోసెమ్ అంటే పరిమళ ద్రవ్యం. బలం కాదు, ఆరోగ్యం కాదు, ఆయుష్షు అసలే కాదు. వాసన.

ఆ వాసన ఒక పొదలాంటి చెట్టు బంకది. వృక్షశాస్త్రంలో దాన్ని కామిఫోరా గిలియడెన్సిస్ అంటారు. మృత సముద్రం పక్కన ఎన్ గెదీ, యెరికో ప్రాంతాల్లో దాన్ని తోటలుగా పెంచేవారు. క్రీ.పూ. 4వ శతాబ్దానికే ఆ బంక తన బరువుకి రెండింతల వెండి పలికేదని గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రాశాడు. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాసింది ఇంకా చిత్రం. రోమన్లతో యుద్ధం వచ్చినప్పుడు యూదులు తమ ప్రాణాలతో పాటు ఆ చెట్లనీ లేకుండా చేయబోయారట, రోమన్లు అడ్డుపడ్డారట, ఒక పొద కోసం కత్తులు దూసుకున్నారట. గెలిచాక ఆ చెట్టుని రోమ్‌కి తీసుకెళ్ళి జనానికి చూపించారు. ఇంత కథ ఉన్న మాట అది. ఆ కథని తుడిచేసి దాని మీద "బలం" అని ముద్ర కొట్టడం నాకు తప్పుగానే కాదు, పిసినారితనంగా కూడా కనిపిస్తుంది.

కాస్త ఊరట కావాలా? గుగ్గులు చెట్టు కూడా ఆ కామిఫోరా ప్రజాతిలోదే. బోళం చెట్టూ అంతే. కాబట్టి చెట్టు తరఫున మనకి చుట్టరికం ఉంది. మాట తరఫున లేదు.

అన్నట్టు, శవం పాడవకుండా చేసే ఎంబామింగ్‌లో ఉన్నది కూడా ఈ బామే. సుగంధ ద్రవ్యాలు పట్టించడం అని దాని మొదటి అర్థం. బామ్ అంటే బలమే అయితే, శవానికి బలమిచ్చి ఏం చేయించుకోవాలనో మెసేజ్ రాసినాయనే సెలవివ్వాలి.

"ల" దొంగతనం సంగతి మరీ ముచ్చటైనది. జరిగింది సరిగ్గా తలకిందులు. మధ్యయుగపు ఇంగ్లీషు రాతల్లో ఈ మాటకి "బాస్మ్", "బోమ్" లాంటి రూపాలే ఉన్నాయి, వాటిలో "ల" లేదు. ఫ్రెంచి నాలుక మీదే అది అరిగిపోయింది. తర్వాతి కాలంలో లాటిన్ చదువుకున్న పండితులు "అయ్యో, అసలు మాట బాల్సముమ్ కదా" అని స్పెల్లింగులో "ల" తెచ్చి ఇరికించారు. అంటే "ల"ని ఎవరూ దాచలేదు. లేనిదాన్ని పనిగట్టుకుని తెచ్చిపెట్టారు. సామన్ చేప స్పెల్లింగులో "ల" కూడా అలా వచ్చి కూర్చున్నదే. అప్పు అనే అర్థం ఉన్న "డెట్" మధ్యలో పలకని "బి" అంతే. గుర్తుపట్టకుండా చేయాలనుకున్నవాడు అక్షరం తీసేస్తాడు కానీ, కొత్తగా చేర్చి ఊరంతా చాటుతాడా?

ఇంకో మాట. సంస్కృత "బలం"కి యూరప్‌లో నిజంగా చుట్టాలు కావాలంటే, చాలామంది భాషాశాస్త్రజ్ఞులు లాటిన్ "డెబిలిస్"ని చూపిస్తారు. అందులో "డె" అంటే లేనిది, "బిల్" అంటే బలం. ఇంగ్లీషులో డెబిలిటీ అక్కణ్ణుంచే వచ్చింది, అర్థం నీరసం. అంత వెతుక్కుంటూ వెళ్తే మన బలం దొరికేది బలహీనత ఇంట్లో. దీన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

రెండు మాటలు ఒకేలా వినిపించగానే అన్నదమ్ములైపోవు. దీనికి మనవాళ్ళే ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. ఆస్ట్రేలియా ఆదివాసుల భాష ఒకటుండేది, ఎంబాబరామ్. అందులో కుక్కని "డాగ్" అనేవారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకోలేదు, ఇంగ్లీషుకి ఇవ్వలేదు, అలా కుదిరింది. సంస్కృత "దేవ", లాటిన్ "దెవుస్" నిజంగా చుట్టాలు. కానీ అర్థంలోనూ శబ్దంలోనూ దగ్గరగా కనిపించే గ్రీకు "థెయోస్" ఆ వరసలోది కాదు. చుట్టరికం తేల్చాలంటే ఒక్క మాట పోలిక చాలదు. ఈ భాషలో ఈ శబ్దం ఉన్నచోటల్లా ఆ భాషలో ఏ శబ్దం వస్తోందో వరసపెట్టి వందల మాటల్లో చూపించాలి. మెసేజ్ చేసింది మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం.

"లిపి" సంగతి చూడండి. పూయడం అనే అర్థం ఉన్న "లిప్" ధాతువు నుంచి వచ్చిందని చూడగానే అనిపిస్తుంది, సిరా పూసి రాస్తారు కాబట్టి. ఎంత చక్కగా అతికిందో. కానీ వాయవ్యంలో షాబాజ్‌గఢీ, మాన్‌సేరా దగ్గరున్న అశోకుడి శాసనాల్లో ఆ మాట "దిపి" అని ఉంది. పాత పారసీకంలోనూ శాసనాన్ని "దిపి" అనేవారు. మాట అటు నుంచి వచ్చి, ఇక్కడి "లిప్"ని చూసి వేషం మార్చుకుందని పండితులు అంటారు. చక్కగా అతికినంత మాత్రాన అది సాక్ష్యం కాదు.

ఇప్పుడు ఆయుర్మంత్రం. "మెంట్" అంటే మంత్రమే అయితే గవర్నమెంట్ ఏ మంత్రం? అపార్ట్‌మెంట్ ఏ మంత్రం? సెటిల్‌మెంట్ మంత్రం ఎవరు జపిస్తారో మనకి తెలుసనుకోండి. అది లాటిన్ "మెంతుమ్" అనే ప్రత్యయం, పనినో పని ఫలితాన్నో చెప్పే తోక, అంతే.

కానీ ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం నాకేమీ సరదాగా లేదు, ఇంత రుసరుసలాడాక. ఆయింట్‌మెంట్‌కి సంస్కృతంతో నిజంగానే చుట్టరికం ఉంది. పాత ఫ్రెంచి ద్వారా వచ్చిన ఈ మాటకి మూలం లాటిన్ "ఉంగ్వెరే", పూయడం. ఆ క్రియకి సంస్కృతంలో తోబుట్టువు "అంజ్" ధాతువు. దానికీ పూయడం అనే అర్థం. కంటికి పెట్టుకునే అంజనం అందులోదే. ఒంటికి నూనె పట్టించే అభ్యంజనం అందులోదే. పాత ఐరిష్ భాషలో వెన్నని "ఇంబ్" అంటారు, అదీ ఈ ఇంటిదే. ఇంకా తమాషా ఏమిటంటే, అదే ధాతువుకి "వి" చేరితే వ్యంజనం, వ్యక్తం, వ్యక్తి. అంటే ఆయింట్‌మెంట్ ట్యూబు మీద "వ్యక్తిగత వాడకానికి మాత్రమే" అని రాసి ఉంటే, ఆ మాటలో సగం ఆ ట్యూబుకి దూరపు బంధువు. చేతిలో ఇంత మంచి నిజం ఉండగా దాన్ని పక్కన పడేసి ఆయుర్మంత్రం అనే బొమ్మని చేసుకోవడం చూస్తే కోపం కాదు, జాలేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇవి తోబుట్టువులు. అంజనం ఆయింట్‌మెంట్‌ని కనలేదు. రెండింటికీ ఇంకా పాత అమ్మ ఒకతి ఉంది.

సాల్వ్ దగ్గర కూడా అంతే. "సర్వ" అన్నారు. లాటిన్‌లో "సాల్వుస్" అని ఉంది, క్షేమంగా ఉన్న, చెక్కుచెదరని అని అర్థం. దానికీ మన "సర్వ"కీ బంధుత్వం ఉన్నమాట నిజం. కానీ పూసే సాల్వ్ ఆ సాల్వుస్ నుంచి రాలేదు! అది జర్మన్ "సాల్బె"కి చెల్లెలు, ఇంగ్లీషులో పుట్టి పెరిగిన పాత మాట. దాని సంస్కృత బంధువు "సర్పిస్సు", అంటే కాచిన నెయ్యి. సంప్రదాయ వ్యాకరణం సర్పిస్సుని పాకడం అనే అర్థం ఉన్న ధాతువుతో కలిపి, పాముకీ నెయ్యికీ ఒకే ఇంటిపేరు ఇచ్చింది. తులనాత్మకంగా చూసినవాళ్ళు దాన్ని సాల్బె పక్కన, మధ్య ఆసియాలో ఒకప్పుడున్న తొఖారియన్ భాషలో నెయ్యికి, నూనెకి ఉన్న "షల్య్‌పె" పక్కన పెట్టారు. మెసేజ్ రాసినాయన సరైన ఊరికే వెళ్ళాడు, తప్పు ఇంటి తలుపు కొట్టాడు.

మలాము మీద ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు. "అచ్చ తెలుగు" అని చెప్పి, ఆ వెంటనే దాన్ని మలం, మలినం అనే సంస్కృత మాటల్లోంచి తీశారు. సొంత వాదాన్ని సొంత వాక్యంలోనే కూల్చుకున్నవాళ్ళతో మనకి పనేముంది. అరబ్బీలో "మర్హమ్", పారసీ మీదుగా ఉర్దూకి, హిందీకి, అక్కడ మర్హమ్, మల్హమ్, మరాఠీలో మలమ్, తెలుగులో మలాము. గాయానికి కట్టు కట్టడాన్ని హిందీలో మర్హమ్‌పట్టీ అంటారు కదా, ఆ మర్హమే. దాని వెనక గ్రీకు "మలగ్మా" ఉందని నిఘంటుకారులు అంటారు, మెత్తబరిచేది అని అర్థం. నమ్మబుద్ధి కాకపోతే హకీముల వైద్యం పేరు ఒకసారి పలకండి. యునానీ. అంటే గ్రీకు. వైద్యమే అటు నుంచి వచ్చినప్పుడు పట్టీ మీద రాసే మందు పేరు అటు నుంచి వస్తే వింతేముంది? దవాఖానా, హకీము, మలాము ఒకే బండిలో దిగాయి, మనం ఇంట్లో పెట్టుకున్నాం, మనవైపోయాయి.

అచ్చ తెలుగే కావాలంటే "పూత" ఉంది. పూయు, పూసు, తమిళంలో పూసు. నిఖార్సైన ద్రావిడ మాట. దాని గురించి ఎవరూ మెసేజ్ తయారు చేయరు. తెల్లవాళ్ళు ఎత్తుకెళ్ళలేదుగా.

ఇంతవరకూ వచ్చింది పాండిత్యం గొడవ. ఎవరైనా బామ్ అంటే బలం అనుకుంటే ఎవరి ప్రాణమూ పోదు. అసలు ప్రమాదం తోకలో ఉంది.

"పేరులోనే మాన్పే గుణం ఉంది." లేదు. వరసగా చూడండి. బామ్ అంటే సువాసన. ఆయింట్‌మెంట్, లేపనం, పూత, మూడూ పూసేవి. సాల్వ్ అంటే కొవ్వు. మలగ్మా అంటే మెత్తబరిచేది. ఇన్ని భాషల్లో ఇన్ని మాటలు, ఒక్కదాని మూలంలోనూ "నయం చేసేది" అన్న అర్థం లేదు. పూర్వులు తాము చేసే పనికి పేరు పెట్టారు, ఫలితానికి గ్యారంటీ ఇవ్వలేదు. నయం కావడం అనే అర్థం తర్వాత, వాడకంలో వచ్చి చేరింది. సరే, మెసేజ్ చెప్పినట్టు పేరులో ఉందనే అనుకుందాం. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత ఊరికే పుట్టిందా?

పైగా ఇవాళ్టి డబ్బీలో ఆ కామిఫోరా చెట్టు బంక చుక్క కూడా ఉండదు. నొప్పికీ, జలుబుకీ రాసుకునే బామ్‌లలో మామూలుగా ఉండేవి మెంథాల్, కర్పూరం, మిథైల్ శాలిసిలేట్, నీలగిరి తైలం, వీటిని పట్టి ఉంచే పెట్రోలియం జెల్లీయో మైనమో. వీటి పని చెక్కుచెదరని చర్మం మీద. మెంథాల్ రాస్తే చల్లగా అనిపిస్తుంది కదా, అక్కడ వేడి తగ్గదు. చల్లదనాన్ని గుర్తుపట్టే నరాల కొసల్లో టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది, మెంథాల్ వెళ్ళి దాన్ని మీటుతుంది. మెదడుకి "చల్లగా ఉంది" అని కబురు పోతుంది, అంతే. 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లు ఎవరికి వారుగా ఈ గ్రాహకాన్ని పట్టుకున్నది మెంథాల్ సాయంతోనే. మరి కాలిన చర్మంలో నిజంగానే వేడి ఉన్నప్పుడు, చల్లగా ఉందని నరాలకి అబద్ధం చెప్పే మందు రాస్తే ఏమవుతుంది? లోపలి వేడి లోపలే ఉంటుంది. మంట తగ్గిందనుకుని మనిషి నీళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేస్తాడు.

కాలినచోట చేయాల్సింది కుళాయి కింద పెట్టడం. చల్లటి నీళ్ళు ధారగా 20 నిమిషాలు. నిమిషమో రెండు నిమిషాలో కాదు, 20. కాలిన వెంటనే కుదరకపోతే మూడు గంటల లోపు చేసినా ఉపయోగం ఉంటుంది. ఐసు వద్దు, అది చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలి. బొబ్బలు చిదపకూడదు. తర్వాత శుభ్రమైన, అంటుకోని గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకి చూపించాలి. బామ్, వెన్న, నూనె, టూత్‌పేస్టు, సిరా, ఏది పూసినా ఆస్పత్రిలో ముందు దాన్ని గీకి కడగాలి. కాలిన చర్మాన్ని గీకడం ఎలా ఉంటుందో మెసేజ్ రాసినాయనకి ఎవరైనా చెప్పండి.

"పసిపిల్లలకి ముక్కు పట్టేస్తే దట్టంగా." ఈ వాక్యం దగ్గర నా ఓపిక పూర్తిగా అయిపోయింది. కర్పూరం చర్మం గుండా, ముక్కు లోపలి పొర గుండా ఒంట్లోకి పోతుంది. చిన్నపిల్లల ఒంట్లోకి ఎక్కువగా పోతే ఫిట్స్ వస్తాయి. అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదన్న నిబంధన ఊరికే పెట్టలేదు. ఛాతీకి రాసే రబ్‌ల మీద రెండేళ్ళ లోపు పిల్లలకి వాడవద్దని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. మెంథాల్, కర్పూరం లాంటి ఘాటు పదార్థాలు పసివాళ్ళ ముక్కులో పెడితే ఊపిరి ఆగే ప్రమాదం కూడా ఉంది. ఇంతా చేసి మెంథాల్ ముక్కు దిబ్బడని తీయదు. గాలి ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది, అంతే. పెద్దవాళ్ళకి ఆ అనిపించడం చాలు, హాయిగా నిద్రపోతారు. నెలల పిల్లకి కావాల్సింది అనిపించడం కాదు, గాలి.

డబ్బీ ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. ఘాటైన బామ్‌లలో ఉండే మిథైల్ శాలిసిలేట్, శుద్ధ తైలంగా ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, కడుపులోకి పోతే 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు ఇరవైకి పైగా మింగినట్టే. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు దీన్ని ఒళ్ళంతా పట్టించుకుంటే ఆ మందు ప్రభావం పెరిగి రక్తస్రావం దాకా పోవచ్చు. బామ్ రాసి దాని మీద వేడి కాపడం పెడితే చర్మం కాలొచ్చు. "ఆలోచించకుండా పట్టించండి" అన్న మనిషికి ఇవేమీ తెలియవు. తెలిసి ఉంటే ఇంకా ఘోరం.

ఇది మన ప్రాచీన విజ్ఞానం కదా, దాన్ని అవమానిస్తారా అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. అయ్యా, ఆ విజ్ఞానం ఏం చెప్పిందో చదివారా? సుశ్రుత సంహిత సూత్రస్థానంలో గాయాల పూతల మీద ఒక అధ్యాయమే ఉంది. ప్రలేపం, ప్రదేహం, ఆలేపం అని మూడు రకాలు. పలచగా చల్లగా ఉండేది ఒకటి, మందంగా ఉండేది ఇంకొకటి, మధ్యరకం మూడోది. వెంట్రుకలకి ఎదురు దిశలో రాయాలి. రాత్రిపూట వేయకూడదు. ఏదో ప్రత్యేక అవసరం ఉంటే తప్ప ఎండిపోయిన పూతని అలాగే ఉంచకూడదు. ఇవాళ్టి వైద్యం వీటన్నిటినీ ఒప్పుకుంటుందని కాదు. కానీ ఏ గాయానికి ఏ పూత, ఎంత మందం, ఎంతసేపు అని అంత పట్టింపుగా ఆలోచించిన మనిషి పేరు చెప్పుకుని "కాలినా తెగినా ఒకటే డబ్బీ" అనడం ఆయనకి చేసే అవమానం. నాది కాదు.

పూయడమే తప్పు అని నేను అనడం లేదు. చిన్న దెబ్బ, గీసుకుపోవడం లాంటివాటిని ఆరబెట్టి చెక్కు కట్టనివ్వాలని చాలామంది నమ్ముతారు. కానీ 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, గాలికి ఎండిన గాయాల కంటే తడి ఆరిపోకుండా కప్పి ఉంచిన గాయాల మీద కొత్త చర్మం త్వరగా పాకింది. అందుకే సబ్బునీళ్ళతో కడిగిన చిన్న గాయానికి మామూలు పెట్రోలియం జెల్లీ పలచగా రాసి కట్టు కట్టమంటారు. 1872లో రాబర్ట్ చీజ్‌బ్రో పేటెంట్ తీసుకున్న ఆ సాదా జిడ్డే, వాసన లేదు, ఘాటు లేదు. అందులో బలమూ లేదు, మంత్రమూ లేదు. తడి ఆరకుండా చూస్తుంది. కొవ్వు పూసి వదిలేసిన పాతకాలపు మనుషులు సగం దారి సరిగానే నడిచారు.

కానీ లోతైన గాయానికి, మట్టి పట్టినదానికి, ముఖ్యంగా కుక్క కరిచినదానికి ఆ జెల్లీ కూడా వద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, బామ్‌లూ జెల్లీలూ పూయకుండా అదే రోజు టీకాకి వెళ్ళాలి.